యూఎఫ్‌ఓ డాక్యుమెంటరీల్లో సాక్షులు: ఏది చూడాలి, ఏది పక్కన పెట్టాలి

ఓటీటీలో యూఎఫ్‌ఓ (ఆకాశంలో కనిపించిన, ఏమిటో తేలని వస్తువు) అని కొడితే వరసబెట్టి వచ్చిపడే డాక్యుమెంటరీలన్నిటికీ అసలు పెట్టుబడి ఒకటే. చీకటి గదిలో ఒక కుర్చీ, ఆ కుర్చీలో ఒక పెద్దమనిషి, 'నా కళ్లతో నేను చూశాను' అనే మాట. ఫొటోలు మసక, వీడియోలు వణుకు, చేతిలో పెట్టి చూపించడానికి ముక్క కూడా లేదు, కాబట్టి సినిమా మొత్తం ఆ మాట మీదే నిలబడాలి. అంటే ఏది చూడాలో ఎంచుకోవడం అంటే ఏ రకం సాక్షిని ఎంతవరకు నమ్మాలో తేల్చుకోవడమే. చాలామంది ఇక్కడ హోదా చూస్తారు: పైలట్ చెబితే నమ్మేస్తారు, పశువులు కాసేవాడు చెబితే నవ్వేస్తారు. నా లెక్క వేరు. చూసిన ఎంతకాలానికి చెప్పాడు, ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పాడా నలుగురితో మాట్లాడుకున్నాక చెప్పాడా, ముందు ఈ రెండూ అడగాలి. ఎవరు చెప్పారన్నది ఆ తర్వాతే.

ఈ విషయంలో నెల్లూరు, ఒంగోలు వైపు వాళ్లకు ఉన్న సౌకర్యం ఆ డాక్యుమెంటరీలు తీసేవాళ్లకు కూడా లేదు. మనకు పక్కనే షార్, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రం ఉంది. ఆకాశంలో వెలుగు కనిపిస్తుంది, అదేంటో, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు లేచిందో, ఎటు పోయిందో ఇస్రో ముందే చెప్పేసి ఉంటుంది. ప్రశ్నపత్రంతో పాటు జవాబుల కీ కూడా మన చేతిలో ఉన్నట్టు. ఇక జనాన్ని అడిగి చూడటమే తరువాయి.

2024 డిసెంబరు 30న రాత్రి 10 గంటలకు పీఎస్‌ఎల్‌వీ-సీ60 స్పేడెక్స్ ఉపగ్రహాలను మోసుకుని లేచింది. అలాంటి రాత్రి ప్రయోగం అయిన మర్నాడు పొద్దున ఏదో ఒక టీ బంకు దగ్గర నిలబడి వినండి. 'మా మిద్దె మీదగానే పోయిందన్నా, తల ఎనక్కి వాల్చి మరీ చూశా' అంటాడు ఒకడు. 'మంట కనపడిందో లేదో దడదడమని సౌండు, కిటికీ రెక్కలు అదిరినాయి' అంటాడు పక్కవాడు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు, ఒట్టు పెట్టమన్నా పెడతారు. కానీ శ్రీహరికోట నుంచి లేచిన రాకెట్ తూర్పుకో, ఆగ్నేయానికో సముద్రం మీదుగానే పోతుంది, నెల్లూరు మిద్దెల మీదకు రాదు. ఇక శబ్దం సంగతి. షార్ నుంచి నెల్లూరుకు గీత గీసినట్టు కొలిచినా 80 కిలోమీటర్లు దాటుతుంది, ధ్వని ఆ దూరం రావడానికి దాదాపు 4 నిమిషాలు పడుతుంది. నిజంగా శబ్దం వచ్చి ఉంటే మంట చిన్న చుక్కై పోయాక వచ్చి ఉండాలి. రెండూ విడివిడిగా జరిగినా జ్ఞాపకం వాటిని కలిపి కుట్టేసింది.

అలాగని వాళ్ల మాట పారేయాల్సింది కాదు, ఈ సంగతే చాలామంది హేతువాదులు మర్చిపోతారు. రాత్రి పది గంటలకు, దక్షిణం వైపు, నారింజ రంగు వెలుగు లేచి పక్కకు వంగుతూ పోయిందని ఇద్దరూ చెప్పారు, అది అక్షరాలా నిజం. ఏదో కనిపించింది, ఫలానా వేళకు, ఫలానా దిక్కున, ఈ రంగులో: ఇంతవరకు మామూలు మనిషి మంచి సాక్షే. ఎంత దూరంలో, ఎంత పెద్దది, ఎంత వేగం, అది ఏమిటి: ఇక్కడ మాత్రం ఎంత తెలివైనవాడైనా బోల్తా పడతాడు. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. దగ్గరి వస్తువుల దూరాన్ని రెండు కళ్లూ కలిసి పసిగడతాయి. దూరమయ్యేకొద్దీ చెట్టో, ఇల్లో, కరెంటు స్తంభమో పక్కన ఉంటే తప్ప అంచనా అందదు. ఖాళీ ఆకాశంలో అవేవీ ఉండవు. కిలోమీటరు దూరంలోని చిన్న దీపం, వంద కిలోమీటర్ల దూరంలోని పెద్ద మంట రెండూ కంటికి ఒకటే చుక్క. దూరం తప్పితే సైజూ తప్పుతుంది, సైజు తప్పితే వేగమూ తప్పుతుంది. అందుకే డాక్యుమెంటరీలో ఎవరైనా 'ఫుట్‌బాల్ మైదానమంత ఉంది, గంటకు వేల మైళ్ల వేగంతో పోయింది' అన్నప్పుడు నేను ఆ రెండు అంకెలూ కొట్టేసి మిగతాది వింటాను.

ఇది నా ఊహ అనుకోకండి, ఇలాంటి పరీక్ష అనుకోకుండా అమెరికాలో జరిగిపోయింది. 1968 మార్చి 3 రాత్రి సోవియట్ల జోండ్-4 అంతరిక్ష నౌక ప్రయోగానికి సంబంధించిన రాకెట్ శకలాలు కాలిపోతూ అక్కడి ఆకాశం మీదుగా పోయాయి. అప్పట్లో అమెరికా వైమానిక దళం డబ్బుతో కొలరాడో విశ్వవిద్యాలయం యూఎఫ్‌ఓల మీద అధ్యయనం చేస్తోంది, దాన్నే కాండన్ నివేదిక అంటారు. అందులో ఖగోళ శాస్త్రవేత్త విలియం హార్ట్‌మన్ ఆ రాత్రి సాక్షుల మాటలన్నీ వరసగా పెట్టి చూశాడు. కొందరు ఉన్నదున్నట్టు చెప్పారు: మండుతున్న ముక్కలు వరసగా పోయాయని. మరికొందరికి మాత్రం ఆ చుక్కల మధ్య ఒక పొడవాటి చుట్ట ఆకారపు వాహనం కనిపించింది, చుక్కలు దాని కిటికీలయ్యాయి, ఒకావిడైతే తన కుక్క కూడా భయపడి మూలిగిందని రాసింది. అక్కడ కిటికీల్లేవు, వాహనమే లేదు. విడివిడి దీపాల మధ్య చీకటిని మెదడు ఇనుముతో నింపేసింది. ఈ ఒక్క ఉదంతం తెలిసుంటే 'నల్లటి త్రిభుజం నక్షత్రాలను కప్పేసింది' అనే వాంగ్మూలాలు వినేటప్పుడు మన చెవి మారిపోతుంది.

మన దేశంలోదీ ఒకటి చెప్పాలి, ఎందుకంటే శిక్షణ పొందినవాళ్లు పొరబడరు అనే వాదన ప్రతి డాక్యుమెంటరీలోనూ వస్తుంది. 2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి వరకు లద్దాఖ్ సరిహద్దులో మన జవాన్లు ఆకాశంలో గుర్తుతెలియని వస్తువులను 329 సార్లు నమోదు చేశారు, చైనా డ్రోన్లేమోనని అనుమానం. చివరికి బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ వాళ్లు లెక్కతేలిస్తే అవి గురుడు, శుక్రుడు. జవాన్లను తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు, వాళ్లు అద్భుతంగా ఒక పని చేశారు: ఎప్పుడు, ఎటువైపు అన్నది ప్రతిసారీ రాసిపెట్టారు. ఆ రాతే లేకపోతే గ్రహాలని తేల్చడానికి వీలుండేది కాదు, ఈపాటికి దాని మీద నాలుగు ఎపిసోడ్ల సిరీస్ వచ్చుండేది.

ఇప్పుడు సాక్షుల రకాలు పక్కపక్కన పెట్టి చూద్దాం.

పైలట్లతో మొదలుపెడితే అందరికీ తెలిసింది నిమిట్జ్ ఉదంతం. 2004 నవంబరు 14న కాలిఫోర్నియా తీరం దగ్గర అమెరికా నౌకాదళ పైలట్లు డేవిడ్ ఫ్రేవర్, అలెక్స్ డీట్రిక్ తెల్లటి టిక్‌టాక్ (నోట్లో వేసుకునే చిన్న పుదీనా బిళ్ల) ఆకారంలో ఏదో చూశామన్నారు. నాకు ఇది బలమైన కేసే, ఎందుకంటే రెండు వేర్వేరు విమానాల్లోని మనుషులు ఒకేచోట చూశారు, యూఎస్‌ఎస్ ప్రిన్స్‌టన్ అనే యుద్ధనౌకలోని రాడార్ వాళ్లే అటు పంపారు. కానీ డాక్యుమెంటరీలు ఇక్కడ ఒక చిన్న చేతివాటం చూపిస్తాయి, కాస్త దగ్గరగా చూడండి. ఫ్రేవర్ మాట్లాడుతుంటాడు, తెర మీద ఆ నలుపు తెలుపు ఇన్‌ఫ్రారెడ్ వీడియో నడుస్తుంటుంది, ఆయన చూసింది అదే అనుకుంటాం. ఆ వీడియో ఆయన తీసింది కాదు, ఆయన తిరిగొచ్చాక వెళ్లిన మరో విమానం నుంచి చాడ్ అండర్‌వుడ్ తీసింది. అండర్‌వుడ్ దాన్ని తన కంటితో చూడలేదు, పరికరంలోనే చూశాడు. అంటే కంటి సాక్ష్యం ఒకటి, యంత్ర సాక్ష్యం ఇంకొకటి, రెండూ ఒకే వస్తువువా అన్నది విడిగా నిరూపించాల్సిన సంగతి. ఎడిటింగ్ టేబుల్ మీద మాత్రం ఆ పని ఒక్క కట్‌తో అయిపోతుంది. ఈ తేడా నోరు విప్పి చెప్పే డాక్యుమెంటరీ కనిపిస్తే దానికి మార్కులు వేయండి.

పైలట్ల గురించి ఇంకో మాట. అమెరికా వైమానిక దళానికి ఏళ్ల తరబడి సలహాదారుగా ఉండి, తర్వాత యూఎఫ్‌ఓలను సీరియస్‌గా తీసుకోవాలని వాదించిన ఖగోళ శాస్త్రవేత్త అలెన్ హైనెక్ కూడా పైలట్లు మనం అనుకున్నంత మంచి సాక్షులు కారనే రాశాడు. ఆలోచిస్తే సబబే. ఎదురుగా వెలుగు కనబడితే పైలట్ మొదటి పని గుద్దుకోకుండా తప్పుకోవడం, దాన్ని విమానం అనుకోవడమే వాడికి క్షేమం.

ఇక గుంపు సాక్ష్యం. 'ఇంతమంది అబద్ధం చెబుతారా?' అనే వాదనకు ఇదే ఆధారం. 1994 సెప్టెంబరు 16న జింబాబ్వేలోని రువా ఊళ్లో, ఏరియల్ స్కూల్లో, ఇంటర్వెల్ టైములో దాదాపు 60 మంది పిల్లలు వెండి రంగు వస్తువును, దాని దగ్గర నల్లటి దుస్తుల్లో మనుషుల్లాంటివాళ్లను చూశామన్నారు. పిల్లల ముఖాలు చూస్తే ఎవరికైనా మనసు కరుగుతుంది, నాకూ కరిగింది. కానీ కాలక్రమం గమనించండి. అంతకు రెండు రోజుల ముందు, సెప్టెంబరు 14 రాత్రి, ఒక రష్యన్ రాకెట్ శకలం కాలుతూ ఆఫ్రికా ఖండం దక్షిణ భాగంలో కనిపించింది, ఊరూరా యూఎఫ్‌ఓ కబుర్లే. ఘటన జరిగిన కొద్ది రోజులకే సింథియా హైండ్ అనే పరిశోధకురాలు వచ్చి పిల్లలతో బొమ్మలు గీయించింది. హార్వర్డ్ మానసిక వైద్యుడు జాన్ మాక్ వచ్చి ఇంటర్వ్యూలు చేసింది రెండు నెలలు దాటాక. ఈలోగా ఆ పిల్లలు ఒకే బడిలో, ఒకే ఆటస్థలంలో రోజూ కలుస్తూనే ఉన్నారు. భూమిని పాడుచేయొద్దని ఆ వింత మనుషులు కళ్లతోనే చెప్పారు అనే మాట, అందరినీ కదిలించే మాట, ఎక్కువగా ఆ తర్వాతి ఇంటర్వ్యూల్లోదే. 60 మంది చెప్పినా 60 విడి సాక్ష్యాలు కాకపోవచ్చు. మన కోర్టుల్లో ఒక సాక్షి బోనులో ఉండగా మిగతా సాక్షుల్ని బయట కూర్చోబెట్టేది ఇందుకే.

2022లో వచ్చిన 'ఏరియల్ ఫెనామెనన్' డాక్యుమెంటరీ, నెట్‌ఫ్లిక్స్‌లో 2023లో వచ్చిన 'ఎన్‌కౌంటర్స్' సిరీస్ రెండూ ఈ కథే చెబుతాయి (సిరీస్‌లో ఒక ఎపిసోడ్ అన్నమాట). రెండిట్లో ఒకటే చూడాలంటే నేను ఎన్‌కౌంటర్స్ ఎపిసోడే చూడమంటాను. దాని మొగ్గు నమ్మకం వైపే, సంగీతం కూడా అటే లాగుతుంది, కానీ ఒక పూర్వ విద్యార్థి 'మెరిసే రాయిని చూపించి అదే యూఎఫ్‌ఓ అని నేనే పుట్టించాను' అని చెప్పే మాటను దాచకుండా ఉంచారు. అతని మాట నమ్మాలా అంటే, అదీ ఇన్నేళ్ల తర్వాతి జ్ఞాపకమే కదా, దానికీ అదే కొలబద్ద. అయినా ఎదురు సాక్షిని పిలిచారు, అది చాలు.

1997 మార్చి 13న అమెరికాలోని ఫీనిక్స్ నగరం మీద కనిపించిన దీపాల గురించి ఎక్కువ చెప్పను. వేల మంది చూశారని సినిమాలు ఊదరగొడతాయి. చూశారు, నిజమే. రాత్రి 8 గంటల ప్రాంతంలో వరస కట్టి పోయిన దీపాలు ఒకటి, 10 గంటలప్పుడు సైనిక విమానాలు జారవిడిచిన ఫ్లేర్లు (వెలుగు కోసం వదిలే మంటలు) ఇంకొకటి, ఈ రెంటినీ కలిపి ఒకే రాత్రి ఒకే నౌక అన్నట్టు చూపించే డాక్యుమెంటరీ ఏదైనా సరే, అక్కడే ఆపేయండి.

ఏళ్ల తర్వాత చెప్పే సాక్ష్యానికి రాజు రోజ్‌వెల్. 1947లో అమెరికాలోని న్యూమెక్సికోలో ఒక పశువుల క్షేత్రంలో దొరికిన శకలాలు ఆ జూలైలో వార్తయ్యాయి. వాటిని చూసిన ఆ క్షేత్రం మనిషి బ్రేజెల్ ఆ వారంలోనే స్థానిక పత్రికకు చెప్పిన వివరం చదివితే రబ్బరు ముక్కలు, తగరపు రేకు, గట్టి కాగితం, పుల్లలు, పువ్వుల బొమ్మలున్న టేపు, అంతే. శవాల మాటే లేదు. ఆ శకలాలను తీసుకెళ్లిన సైనికాధికారి మేజర్ జెస్సీ మార్సెల్‌ను యూఎఫ్‌ఓ పరిశోధకుడు స్టాంటన్ ఫ్రీడ్‌మన్ కలిసింది 1978లో, అంటే 31 ఏళ్లకు. ఏలియన్ శవాలు, శవపరీక్షలు, బెదిరింపులు, ఈ చిలవలు పలవలన్నీ ఆ తర్వాత పుట్టినవే. 1994లో అమెరికా వైమానిక దళం అది మొగల్ అనే రహస్య బెలూన్ ప్రాజెక్టు శకలమని చెప్పింది. ఆ మాట నమ్మకపోతే మానండి, మొదటి వారం వాంగ్మూలానికి, 31 ఏళ్ల తర్వాతి వాంగ్మూలానికి మధ్య దూరం మాత్రం కాగితం మీదే కనిపిస్తుంది.

జ్ఞాపకం ఇలా ఎందుకు పెరుగుతుందో తెలుసుకోవడానికి యూఎఫ్‌ఓలే అక్కర్లేదు. 1986 జనవరిలో చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిన మర్నాడు అమెరికాలో కొందరు విద్యార్థుల చేత ఆ వార్త ఎక్కడ, ఎలా విన్నారో రాయించి దాచారు, రెండున్నరేళ్ల తర్వాత మళ్లీ రాయించారు. చాలామంది రెండో కథ మొదటిదానికి పొంతన లేకుండా ఉంది, కొందరైతే తమ చేతిరాత చూపించినా సొంత కాగితాన్నే నమ్మలేదు. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ చేసిన ప్రయోగం ఇంకా సూటిగా ఉంటుంది: అందరికీ అవే కారు ప్రమాదాల ఫిల్ములు చూపించి, కార్లు 'తగిలినప్పుడు' ఎంత వేగం అని కొందరిని, 'నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు' ఎంత వేగం అని కొందరిని అడిగితే మొదటివాళ్ల సగటు గంటకు 31.8 మైళ్లు, రెండోవాళ్లది 40.8. ప్రశ్నే జవాబును వండింది. కాబట్టి డాక్యుమెంటరీలో జవాబులే వినిపించి, ప్రశ్న అడిగేవాడి గొంతు కత్తిరించేస్తే అనుమానించండి. 'ఆ వెలుగు ఏం చేసింది?' అని అడిగారా, 'ఆ నౌక మీ వైపు వచ్చినప్పుడు భయమేసిందా?' అని అడిగారా, మనకు తెలియాలి కదా.

ఈ కోణంలో నాకు బాగా నచ్చిన కేసు ఇంగ్లండులోని రెండెల్‌షామ్ అడవిది, 1980 డిసెంబరు చివర్లో జరిగింది. అక్కడి అమెరికా స్థావరం అధికారి చార్లెస్ హాల్ట్ అడవిలో తిరుగుతూ అప్పటికప్పుడు చిన్న టేప్ రికార్డర్‌లో మాట్లాడాడు. ఆ టేపు ఇప్పటికీ వినొచ్చు. అందులో వెలుగు కనబడిందని వాళ్లు అరిచే మాటల మధ్య వ్యవధిని, ఆ దిక్కునే అప్పట్లో ఉన్న ఆర్ఫోర్డ్‌నెస్ లైట్‌హౌస్ 5 సెకన్లకోసారి వెలగడంతో సరిపోల్చి చూశారు విమర్శకులు. హాల్ట్ అది లైట్‌హౌస్ కాదనే అంటాడు. ఎవరిది గెలుపో మీరే తేల్చుకోండి, అసలు తేల్చుకునే అవకాశం ఉండటమే ఆ టేపు గొప్పతనం. అదే ఉదంతంలో మరో సాక్షి 2010లో నోటుబుక్కు నిండా సున్నాలు, ఒకట్ల సందేశం బయటపెట్టాడు. టేపుకు వంద మార్కులైతే దీనికి నేను ఐదు కూడా వేయను.

చివరి రకం, ఈమధ్య బాగా అమ్ముడుపోతున్నది: లోపలి మనిషి. అమెరికా మాజీ నిఘా అధికారి డేవిడ్ గ్రష్ 2023 జూలై 26న అమెరికా ప్రతినిధుల సభ సబ్‌కమిటీ ముందు ప్రమాణం చేసి, ప్రభుత్వం దగ్గర మానవులవి కాని వాహనాలు ఉన్నాయన్నాడు. ఆయన తన కళ్లతో చూడలేదు, చూసినవాళ్లు తనకు చెప్పారన్నాడు. మన సాక్ష్యాల చట్టం 1872 నుంచీ, ఇప్పుడు దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం కూడా, చూసిన సంగతిని చూసినవాడే వచ్చి చెప్పాలంటుంది. 2025లో వచ్చిన 'ది ఏజ్ ఆఫ్ డిస్‌క్లోజర్' 34 మంది అధికారులు, మాజీ అధికారులు మాట్లాడారని గొప్పగా చెప్పుకుంటుంది. చూడండి, బాగా తీశారు, కానీ పక్కన కాగితం పెట్టుకుని ఒక్కొక్కరి పేరు కింద 'చూశాడు', 'విన్నాడు' అని రాసుకుంటూ పోండి. రెండో వరస ఎంత పొడుగ్గా పెరుగుతుందో మీకే తెలుస్తుంది. పెంటగన్‌లో యూఎఫ్‌ఓల సంగతి చూసే విభాగం ఏఏఆర్‌ఓ 2024 మార్చిలో ఇచ్చిన నివేదిక ఇలాంటి వాహనాలకు ఆధారమేదీ దొరకలేదంది. ప్రభుత్వం చెప్పింది కాబట్టి నిజమని నేననను, కానీ ఆ నివేదిక పేరైనా ఎత్తని సినిమా మనతో సగమే మాట్లాడుతోంది.

1957లో వడివేలు తేవర్ కేసులో సుప్రీంకోర్టు సాక్షులను మూడు రకాలుగా చెప్పింది: పూర్తిగా నమ్మదగినవాడు, అసలు నమ్మకూడనివాడు, ఈ రెండూ కానివాడు. మూడోవాడి మాటకు వేరే ఆధారం తోడు కావాలి. యూఎఫ్‌ఓ సాక్షుల్లో దాదాపు అందరూ ఈ మూడో రకమే అని నా అభిప్రాయం. వాళ్లను అబద్ధాలకోరులనడం ఎంత అన్యాయమో, తోడు లేకుండా నమ్మడమూ అంతే తొందరపాటు.

ఇక ఎవరికి ఏది? అన్ని ప్రసిద్ధ కేసులూ ఒకేచోట పరిచయం కావాలంటే జేమ్స్ ఫాక్స్ తీసిన 'ది ఫెనామెనన్' (2020) సరిపోతుంది, నమ్మకం వైపు వాదన ఎంత బలంగా ఉండగలదో అది చూపిస్తుంది. అయితే అందులోనే కాదు, ఎక్కడైనా సరే, అమెరికా వైమానిక దళం యూఎఫ్‌ఓ కేసులు పరిశీలించిన బ్లూబుక్ ప్రాజెక్టులో 701 కేసులు తేలలేదు అని వినపడితే మొత్తం 12,618 అని మనసులో పక్కన రాసుకోండి. ఇంట్లో పిల్లలుంటే, వాళ్లకు భయం ఉంటే, ఏరియల్ స్కూల్ కథ రాత్రిపూట పెట్టొద్దు. నటులతో సీన్లు తీసి, పొగలో ఏలియన్‌ను నిలబెట్టే సిరీస్‌లైతే సాక్ష్యం కోసం అసలే వద్దు, ఒకసారి ఆ గ్రాఫిక్స్ బొమ్మ కంట్లో పడ్డాక సాక్షి నిజంగా ఏం చెప్పాడో గుర్తుండదు, మీకే కాదు సాక్షికి కూడా. సరదాకు చూస్తానంటే మీ ఇష్టం.

ఒక్క సాయంత్రమే ఉంది, ఒక్కటే చూస్తాను అంటే మాత్రం నేను డాక్యుమెంటరీ పేరు చెప్పను. 2023 జూలై 26 నాటి ఆ హియరింగే యూట్యూబ్‌లో ఉచితంగా దొరుకుతుంది, మ్యూజిక్ ఉండదు, కట్ ఉండదు, అడిగేవాడి ప్రశ్న కూడా పూర్తిగా వినపడుతుంది. ఒకే బల్ల దగ్గర చూశానంటున్న ఫ్రేవర్, విన్నానంటున్న గ్రష్ పక్కపక్కన కూర్చుని ఉంటారు, ఒకే ప్రశ్నకు ఇద్దరి జవాబులు ఎలా వేరుగా ఉంటాయో గమనించండి. రెండు గంటలకు పైనే ఉంటుంది, మొదట్లో సభ్యుల ఉపన్యాసాలు మన అసెంబ్లీకి ఏమీ తీసిపోవు, అవి దాటించేయొచ్చు.